ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన బ్యాక్టీరియా చావదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, వంటింటి పేజీలో, వేసవిలో తిండి పాడవకుండా ఏం చేయాలో ఒక బాక్సు కట్టి వేశారు. అందులో రెండు చిట్కాలు చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం. చేపలు, రొయ్యలు తెచ్చిన వెంటనే కాస్త ఉప్పు, పసుపు పట్టించి ఫ్రిజ్‌లో పెడితే బ్యాక్టీరియా చనిపోతుందని, నాలుగైదు రోజులు నిశ్చింతగా వాడుకోవచ్చని మొదటిది. బీపీ ఉన్నవాళ్లు నిల్వ పచ్చళ్లలో ఉప్పు సగానికి తగ్గించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఏడాదంతా ఏమీ కాదని ఇంకోటి. రాసినవాళ్లది మంచి ఉద్దేశమే, కాదనను. కానీ మీ పేపరు ఎంత మంది ఇళ్లలో చదువుతారో మీకు తెలుసు, కత్తిరించి వంటగది గోడకి అంటించుకునేవాళ్లు కూడా ఉంటారు.

నేను కోస్తాలో ఒక రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబులో చాలాకాలం పనిచేశాను. అక్కడ నా పనంతా ఇదే, సరుకులో ఏ బ్యాక్టీరియా ఉంది, ఎంత ఉంది, చల్లగా ఉంచితే ఏమవుతోంది అని చూడటం. అందుకని ముందు ఒక మాట సూటిగా చెప్పేస్తాను. బ్యాక్టీరియాని చంపేది బాగా మరిగించిన వేడి. ఉప్పూ చలీ దాన్ని నెమ్మది చేస్తాయి, గట్టిగా ఉంటే ఆపుతాయి, అంతే. అరకొరగా ఉంటే మాత్రం అది ఆ పరిస్థితికి అలవాటు పడిపోతుంది, పడ్డాక దాన్ని కదిలించడం ఇంకా కష్టం. పసుపు గురించి నేను గొడవ పెట్టుకోను, వాసనకి మంచిదే, వేసుకోండి.

సముద్రపు నీళ్లలో సుమారు 3.5 శాతం ఉప్పు ఉంటుంది. సముద్రపు చేప చర్మం మీద, మొప్పల్లో, పేగుల్లో ఉండే బ్యాక్టీరియా ఆ ఉప్పులోనే పుట్టి పెరిగింది. మీరు ముక్కలకి పట్టించిన చెంచాడు ఉప్పు దానికి కొత్తేమీ కాదు, సొంత ఊరు వాతావరణం! ఫొటోబ్యాక్టీరియం అనే రకం అయితే అసలు ఉప్పు లేనిదే సరిగా పెరగదు. షెవనెల్లా, సూడోమోనాస్ అనే రకాలు ఫ్రిజ్ చలిలో కూడా హాయిగా పెరుగుతాయి. మార్కెట్లో ఒక్కోసారి చేప బుట్ట పక్కకి వెళ్లగానే గుప్పుమని కొట్టే ఆ కంపు వీటి పనే. సముద్రపు చేప కండలో వాసన లేని ట్రైమిథైలమిన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది, వీటిలో కొన్ని దానిలోని ఆక్సిజన్‌ని వాడేసుకుని ట్రైమిథైలమిన్‌గా మార్చేస్తాయి. మనం నీచు కంపు అనేది దాన్నే. షెవనెల్లా అయితే ఇంకో అడుగు ముందుకు వేసి కుళ్లిన గుడ్డు వాసన కూడా తెస్తుంది.

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకి నేను ఎప్పుడూ చూపించేది ఒకటుంది. ఐసులో కొన్ని రోజులున్న ఒకే చేప ముక్క నుంచి తీసిన ద్రవాన్ని బ్యాక్టీరియా పెరగడానికి తిండి (దాన్నే మీడియం అంటాం) పరిచిన రెండు ప్లేట్ల మీద పోసి, ఒకటి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో, రెండోది 20 డిగ్రీల దాంట్లో పెట్టేవాళ్లం. 37 డిగ్రీల ప్లేటు మీద అక్కడొకటి అక్కడొకటి చుక్కలు (ఒక్కో చుక్క పెరిగిన బ్యాక్టీరియా గుంపు), చూసినవాళ్లు సరుకు బ్రహ్మాండంగా ఉందనుకుంటారు. రెండో ప్లేటు మూత తీస్తే కిక్కిరిసి ఉంటాయి, ఇనుము కలిపిన మీడియం వాడితే మధ్యమధ్యలో నల్లగా, మిరియపు గింజ పొడి చల్లినట్టు షెవనెల్లా చుక్కలు. మన ఒంటి వేడి దగ్గర బతికే వాటినే లెక్కబెట్టి, ఫ్రిజ్‌లో తిండిని పాడుచేసే వాటిని లెక్కలోకే తీసుకోకపోతే రిపోర్టు శుభ్రంగానే వస్తుంది. డబ్బా మీద "ల్యాబు పరీక్ష చేసినది" అని కనిపిస్తే నాకు వచ్చే మొదటి అనుమానం ఏ వేడి దగ్గర చేశారని. అతి చాదస్తం అంటారు ఇంట్లో, అననివ్వండి.

ఇంతకీ ఇవి చలిని ఎలా తట్టుకుంటాయి? చల్లబడగానే బ్యాక్టీరియాకి మొదట ఇబ్బంది వచ్చేది దాని పైపొరకి. ఆ పొర కొవ్వుతో చేసింది. చలికాలం పొద్దున్నే సీసాలో నెయ్యి పేరుకుని ఉంటుంది, పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం జారుతూనే ఉంటుంది, రెండూ కొవ్వులే అయినా లోపలి అమరిక వేరు కాబట్టి. చలికి అలవాటు పడే బ్యాక్టీరియా తన పొరలో గట్టిపడే రకం కొవ్వుని తగ్గించి, జారే రకాన్ని పెంచుకుంటుంది. అప్పుడు తిండి లోపలికి రావడం, మలినం బయటికి పోవడం ఆగవు. రెండో ఇబ్బంది ఆర్‌ఎన్‌ఏకి, అంటే ఏ ప్రొటీన్ ఎలా తయారుచేయాలో చెప్పే దారం లాంటి పదార్థానికి, చలికి అది తనలో తానే చిక్కులు పడి ప్రొటీన్ల తయారీ నిలిచిపోతుంది. ఆ చిక్కులు విప్పడానికే కొన్ని చిన్న ప్రొటీన్లు పుట్టుకొస్తాయి. మన కడుపులో ఉండే ఈ.కోలైని 37 డిగ్రీల నుంచి ఒక్కసారిగా 10 డిగ్రీలకి దించితే కాసేపు స్తంభించిపోయి, ఆ ప్రొటీన్లని గబగబా తయారుచేసుకుని మళ్లీ మొదలెడుతుంది.

దీని మీద గట్టి పని జరిగిన చోట్లలో మన హైదరాబాద్ ఒకటని చాలామందికి తెలియదు. ఉప్పల్ రోడ్డులో ఉన్న సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో శివాజీ గారు, మలయ్ కుమార్ రే గారు, వాళ్ల బృందాలు అంటార్కిటికా నుంచి తెచ్చిన బ్యాక్టీరియా మీద ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. బయట నలభై డిగ్రీల ఎండ, లోపల 4 డిగ్రీల దగ్గర పెరుగుతున్న సూడోమోనాస్! ఆ బ్యాక్టీరియాలో చిక్కుపడ్డ ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఒక ఎంజైమ్‌ని తీసేసి చూస్తే, 22 డిగ్రీల దగ్గర మామూలుగానే పెరిగింది కానీ 4 డిగ్రీల దగ్గర పెరగలేకపోయింది. అంటే చలిలో బతకడానికి దాని దగ్గర ప్రత్యేకమైన ఏర్పాట్లు ఉన్నాయన్నమాట. మన ఫ్రిజ్‌లో పాలని, చేపల్ని పాడుచేసే వాటిలో చాలా ఈ సూడోమోనాస్ కుటుంబంలోవే.

ఉప్పు సంగతికి వస్తే, అది చేసే పని నీళ్లు లాగేయడం. చుట్టూ ఉప్పు పెరగగానే బ్యాక్టీరియాలోంచి నీళ్లు బయటికి పోయి అది ముడుచుకుపోతుంది. నిమిషాల్లోనే అది పొటాషియంని లోపలికి లాక్కుని కాస్త నిలదొక్కుకుంటుంది. కానీ పొటాషియం మరీ ఎక్కువైతే లోపలి పనులు చెడతాయి కాబట్టి, తర్వాత నెమ్మదిగా దాని బదులు ప్రోలిన్, గ్లైసిన్ బీటెయిన్ లాంటి చిన్న పదార్థాలని పోగేసుకుంటుంది. ఇవి లోపల ఎంత ఉన్నా హాని లేదు, నీళ్లని మాత్రం పోనివ్వవు. ఈ బీటెయిన్ దానికి ఎక్కడ దొరుకుతుందంటారా, మన తిండిలోనే. రొయ్యల్లో ఉంది, పాలకూరలో ఉంది, గోధుమలో, బీట్‌రూట్‌లో ఉంది. రొయ్యకి ఉండే ఆ కమ్మటి తీపిలో దీనికీ వాటా ఉంది. మనకి రుచి, దానికి రక్షణ.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెప్పేదే. లిస్టీరియా అనే బ్యాక్టీరియా మీద కాలిఫోర్నియాలో పనిచేసిన శాస్త్రవేత్తలు 1994లోనే చూపించారు, ఉప్పు నుంచి కాపాడే ఈ బీటెయినే దాన్ని చలి నుంచి కూడా కాపాడుతుందని. బీటెయిన్‌ని లోపలికి లాగే పంపుల్లో కొన్ని ఉప్పు తగిలినా పనిచేస్తాయి, చలి తగిలినా పనిచేస్తాయి. కొంచెం ఉప్పు, కొంచెం చలి, రెండూ కలిపితే రెట్టింపు భద్రత అని మీ చిట్కా రాసినవాళ్లు అనుకున్నారు. కొన్ని బ్యాక్టీరియా విషయంలో అది నిజమే, కానీ ఇలాంటి వాటి విషయంలో ఒక దెబ్బకి చేసుకున్న ఏర్పాటు రెండో దెబ్బకీ పనికొస్తుంది. పైగా కొద్దిపాటి ఉప్పుకి అలవాటు పడిన లిస్టీరియా ఆ తర్వాత వేడిని కూడా మామూలు దానికన్నా కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసి పైపైన వెచ్చబెట్టి తినడం ఏమంత మంచి అలవాటు కాదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. సూడోమోనాస్, షెవనెల్లా తిండిని పాడుచేస్తాయి, కంపు కొట్టి, జిగురు పట్టి మనకి చెప్పేస్తాయి, పారేస్తాం. లిస్టీరియా జబ్బు చేస్తుంది, వాసన రాదు, రంగు మారదు. 10 శాతం ఉప్పులో కూడా పెరుగుతుంది, సున్నా డిగ్రీల దగ్గర కూడా నిదానంగా పెరుగుతుంది, 4 డిగ్రీల దగ్గర రెట్టింపు కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుందేమో గానీ ఆగదు. దక్షిణాఫ్రికాలో 2017, 2018లో పోలోనీ అనే వండి చల్లబరిచి అమ్మే మాంసం వల్ల ఇదే లిస్టీరియా 1,000 మందికి పైగా సోకి, 200 మందికి పైగా చనిపోయారు, అందులో పసికందులు చాలామంది. గర్భిణులకి ఇది సోకితే బిడ్డ పోయే ప్రమాదం ఉంది. వాసన చూసి బాగానే ఉందిలే అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

స్టెఫైలోకాకస్ అని ఇంకొకటి, మన చేతుల మీద, ముక్కులో ఉండేది. ఉప్పు ఎక్కువైతే మిగతావన్నీ వెనకబడతాయి, ఇది మాత్రం తట్టుకుంటుంది, పోటీ లేకపోయేసరికి రాజ్యం దానిదే. ఫ్రిజ్ చలిలో మాత్రం ఇది పెరగలేదు. అందుకే ఉప్పు పట్టించిన ముక్కల్ని సాయంత్రం వండుదాంలే అని గట్టు మీద వదిలేయకండి. అది ఒకసారి విషం తయారుచేశాక మీరు ఎంత ఉడికించినా ఆ విషం పోదు.

పాల గురించి కూడా ఒక ముక్క. ప్యాకెట్ పాలు కాచినా ఒక్కోసారి చేదుగా ఉంటాయి, విరగవు, పులవవు, చేదంతే. పాలు సేకరించాక ఎక్కువసేపు చల్లటి ట్యాంకుల్లో ఉంటే సూడోమోనాస్ అక్కడే పెరిగి ప్రొటీన్లని, కొవ్వుని కోసే ఎంజైమ్‌లు వదులుతుంది. పాశ్చరైజేషన్‌లో బ్యాక్టీరియా చస్తుంది, ఎంజైమ్ మాత్రం ఆ వేడికి లొంగదు. కాచడం మీ తప్పు కాదని చెప్పడానికే ఇది రాశాను.

ఇక పచ్చళ్లు. తిండిలో బ్యాక్టీరియాకి అందే నీటిని 0 నుంచి 1 వరకు ఒక లెక్కలో కొలుస్తారు. తాజా చేప, మాంసం 0.99 దగ్గర ఉంటాయి. 0.91 కిందికి దించితే తిండిని పాడుచేసే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం ఆగిపోతుంది. ఒక్క ఉప్పుతోనే అక్కడికి రావాలంటే ముక్కలోని తడిలో సుమారు 13 శాతం ఉప్పు ఉండాలి. దాన్ని సగం చేస్తే అది 0.95 దాటి పైకి వెళ్లిపోతుంది, లిస్టీరియాకి అది ఏమాత్రం ఇబ్బంది లేని చోటు. ఆవకాయ విషయంలో మనల్ని కాపాడేది ఉప్పు ఒక్కటే కాదు, మామిడికాయ పులుపు ఉంది, ఆవపిండి ఉంది, పైన నూనె ఉంది. అందుకే ఉప్పు కాస్త తగ్గినా ఆవకాయ పైన బూజు పడుతుందే తప్ప పెద్ద ప్రమాదం రాదు. (బూజు బ్యాక్టీరియా కాదు, దాని లెక్క వేరు, తడి గరిటె పెట్టినవాళ్లని అడగాలి.)

నాకు భయమేసేది నాన్‌వెజ్ పచ్చళ్ల గురించి. రొయ్యల పచ్చడి, చికెన్ పచ్చడి, ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికి వస్తున్నాయి, అమెరికాలో ఉన్న పిల్లలకి సూట్‌కేసుల్లో వెళుతున్నాయి. తక్కువ ఉప్పు, తక్కువ కారం, ముక్క మెత్తగా అని ప్రకటనలు. మెత్తగా అంటే చెమ్మ ఇంకలేదని అర్థం. పాతకాలం వాళ్లు రొయ్యని నూనెలో బుడగలు ఆగిపోయేదాకా వేయించేవాళ్లు, నిమ్మరసం దండిగా పిండేవాళ్లు, ఉప్పు నాలుకకి తగిలేంత వేసేవాళ్లు. ఇప్పుడు ముక్క మెత్తగా వదిలేసి, ఉప్పు తగ్గించి, పులుపు తగ్గించి, పైన వేలెడు నూనె పోస్తే లోపలికి గాలి వెళ్లదు. గాలి లేని చోట పెరిగే బోట్యులినమ్ అనే బ్యాక్టీరియా ఉంది. అందులో ఒక రకం 3 డిగ్రీల చలిలో కూడా పెరగగలదు, ఉప్పు 5 శాతం ఉంటే ఆగుతుంది. ఇంకో రకం ఫ్రిజ్‌లో పెరగదు గానీ దాన్ని ఆపాలంటే 10 శాతం ఉప్పు కావాలి. జబ్బు అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి పచ్చడిలో ఉప్పు సగం తగ్గించి ఏడాది దాచుకోమని ఎలా చెబుతారండీ?

బీపీ వాళ్ల బాధ నాకు తెలియంది కాదు, మా ఇంట్లోనూ ఉన్నారు. రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అది పాటించాల్సిందే. నా సలహా, పచ్చడి పాత పద్ధతిలోనే పట్టి కంచంలో తక్కువ వేసుకోండి. కాదూ ఉప్పు తగ్గించే చేస్తామంటే కాస్త కాస్త చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు ఖాళీ చేసేయండి, దాన్ని రోటి పచ్చడిలాగే చూడండి, నిల్వ పచ్చడి అనుకోకండి.

ఉప్పు చేప తినేవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. ఒక్కోసారి ఎండు చేప మీద గులాబీ రంగు మరకలు పడతాయి. ఉప్పు తక్కువై కాదు, ఆ రంగు తెచ్చే సూక్ష్మజీవులు పెరిగేదే ఉప్పు దండిగా ఉన్న చోట. ఉప్పు మడుల్లో నీళ్లు ఎర్రబడేది కూడా ఇలాంటి వాటి వల్లే. ఇవి పైన చెప్పినట్టు బీటెయిన్ పోగేసుకోవు, ఒంటినిండా పొటాషియం నింపుకుని దానితోనే బతకడానికి తమ ప్రొటీన్లనే మార్చుకున్నాయి. ఉప్పు తీసేస్తే పగిలి చస్తాయి. వాటి వల్ల జబ్బు రాదు గానీ చేప రుచి పాడవుతుంది, సరుకు పారేయాల్సిందే.

షాపుల సంగతి ఒకటి రాసి ముగిస్తాను. మా వీధి చివర ఒక దుకాణంలో రాత్రిపూట డీప్ ఫ్రీజర్ ఆపేస్తారు, కరెంటు బిల్లు కలిసొస్తుందని. అడిగితే "పొద్దున్న మళ్లీ గడ్డ కడుతుంది కదమ్మా" అన్నారు. గడ్డ కడుతుంది, నిజమే. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఏ బ్యాక్టీరియా పెరగదు, కానీ చాలావరకు బతికే ఉంటుంది, రాత్రి కరిగిన ఆ కొన్ని గంటలు దాని పండగ. సాల్మొనెల్లాలో కొన్ని రకాలు 4 నుంచి 10 డిగ్రీల మధ్య ఒక విచిత్రం చేస్తాయి, తెగి రెండు కాకుండా పొడుగ్గా సాగుతూ పోతాయి. ప్లేటు మీద లెక్కబెడితే ఒక్కటే చుక్క. వెచ్చదనం తగలగానే ఆ పొడుగు దారం కొన్ని గంటల్లో ముక్కలు ముక్కలై ఒక్కసారిగా పెద్ద సంఖ్య అయిపోతుంది. పవర్ కట్ తర్వాత "రాత్రి చల్లగానే ఉందిగా" అనే లెక్క అందుకే తప్పుతుంది. కొనేటప్పుడు బఠాణీ ప్యాకెట్ చేత్తో నొక్కి చూడండి, గింజలు విడివిడిగా దొర్లాలి. ఒకే ముద్దగా ఉంటే అది ఎక్కడో కరిగి మళ్లీ గట్టిపడింది. రొయ్యల ప్యాకెట్ అడుగున గులాబీ రంగు ఐసు గడ్డ కనిపించినా అంతే, తిరిగి పెట్టేయండి.

మంచి మాట కూడా ఒకటుంది. మన లాంటి వెచ్చటి సముద్రాల చేపలు, ఐసు సరిగ్గా పెడితే, చల్లటి సముద్రాల చేపలకన్నా సాధారణంగా ఎక్కువ రోజులు నిలుస్తాయి. మన నీళ్లలో ఉన్న బ్యాక్టీరియాలో ఎక్కువ భాగానికి ఆ చలి కొత్త, సర్దుకోవడానికి దానికి టైము పడుతుంది. అంటే వేటలో వల లాగిన దగ్గర నుంచి ఐసు దండిగా వేస్తే మనకి అంత లాభం. మోపెడు చేపకి గుప్పెడు ఐసు వేసి, పైన గోనెసంచి కప్పితే ఆ లాభం పోతుంది.

మీ పేపరుని నేను అడిగేది పెద్దదేం కాదు. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, ఆ రెండు చిట్కాలు సరిచేయండి. తాజా చేపలు, రొయ్యలు ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజుల్లో వండేయాలని, అంతకన్నా దాచాలంటే శుభ్రం చేసి ఫ్రీజర్‌లోనే పెట్టాలని, ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలని, తలుపు అరలో పాలు పెట్టొద్దని రాయండి. ఫ్రిజ్‌లో పెట్టే చిన్న థర్మామీటరు పెద్ద ఖరీదేం కాదు, అదెక్కడ దొరుకుతుందో కూడా రాస్తే ఇంకా మంచిది. ఇక నుంచి ఇలాంటి బాక్సులు అచ్చుకి వెళ్లే ముందు విశాఖలో చేపల మీద పరిశోధన చేసే సీఐఎఫ్‌టీ కేంద్రం వాళ్లకి ఒకసారి చూపించండి, మీ విలేకరికి ఒక ఫోన్ కాల్ పని.

— ఒక పాఠకురాలు, కాకినాడ